టేపా, రబ్బరు పాలా

బాండుంగ్‌లో రిమోట్ కార్ల పందేలాడే కోసిం, రంగు వేయమని కారు కొత్త ప్లాస్టిక్ బాడీ నా దగ్గరికి తెచ్చాడు. మంటల బొమ్మ కావాలట. రంగు అంటకూడని చోట టేపు అంటించాలా, రబ్బరు పాలు పూసి, ఆరాక కత్తితో కోసి ఊడదీయాలా?

"రబ్బరు పాలే అక్కా. అంచు నీటుగా వస్తుంది."

వాడు చెబితే వినే రకమైతే కదా. బాడీకి చక్రాల దగ్గర కత్తిరించి తీసేసిన రెండు ముక్కల మీద చెరొకటి చేసి చూశాను. టేపు వంపులో రంగు కాస్త పాకింది. రబ్బరు పాల అంచు గీసినట్టు వచ్చింది.

"నే చెప్పలా?" అన్నాడు.

ఆరాక రెండు ముక్కల్నీ అటూ ఇటూ వంచాను. రబ్బరు పాలు పూసింది కత్తి గాటు వెంబడే పుటుక్కున విరిగింది.

"పోయిన ఆదివారం పందెంలో గోడని ఎన్నిసార్లు గుద్దావు?"

కోసిం టేపు చుట్ట నా వైపు జరిపాడు.