గంగులమ్మ వంతు

బద్వేలులో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే క్రిస్టినాకు అసహ్యం అంత సులువుగా పుట్టేది కాదు. ఎనిమిదేళ్ళుగా పొద్దున లేస్తే కఫం డబ్బాలు, మూత్రం సీసాలు. ఆ పని ముగించి, చేతులు కడుక్కుని, పక్క గదిలో కూర్చుని పులుసన్నం నిమ్మళంగా తినేది. అటువంటి మనిషికి ఒక మంగళవారం మధ్యాహ్నం ఫోనులో నాలుగు పోస్టులు చదివేసరికి ముద్ద గొంతు దిగలేదు.

ఏడుకోనలు అని ఒక సైటుంది. అరవై డెబ్భై మంది తెలుగువాళ్ళు తలా ఒక పాత్రను కల్పించుకుని, ఒకరి తర్వాత ఒకరు రాస్తూ కథ నడిపిస్తారు. గుంపు సాహసం పెడితే నలుగురు చేరతారు. పైన ఒకరు నడిపిస్తారు. ఎవరి వంతు వచ్చినా రెండు రోజుల్లో రాయాలి. ఎవరి పాత్ర నోరూ చేయీ వాళ్ళవే, పక్కవాళ్ళ పాత్రను కదిలించకూడదు. వంతు తప్పితే మాత్రం, కథ ఆగకుండా, నడిపించేవాడు ఆ పాత్రను గుంపు వెంట తీసుకుపోవచ్చు. సాహసం గెలిస్తే ఒక బిరుదు వచ్చి పేరు కింద మెరుస్తూ ఉంటుంది.

క్రిస్టినా పాత్ర పేరు గంగులమ్మ. నీటి జాడ చెప్పే మనిషి. ఆమె తండ్రి లేవి బతికినన్నాళ్ళూ బావులు తవ్వాడు, వేపపుల్ల పట్టుకుని చేను చేనూ తిరిగాడు. ఎండాకాలంలో తంగేడు ఎక్కడ పచ్చగా ఉంటుందో, నీళ్ళు దగ్గర పడేముందు రాతిలో గడ్డపార చప్పుడు ఎట్లా మారుతుందో ఆయన చెప్పినవన్నీ ఆమె గంగులమ్మ నోట పలికించింది.

ఈసారి సాహసం ఎండిన కోటకు నీళ్ళు తేవడం. నడిపించేది సుదర్శన్. కర్నూలులో ఒక కాలేజీలో లెక్చరరు, సైటు కూడా ఆయనదే. మూడో వారంలో ఆయన ఆమెకు ఫోను చేశాడు.

"గంగులమ్మ ఆ బావికి బలి అయిందనుకో, కథ శానా ఎత్తుకు లేస్తాదమ్మా."

"నీళ్ళు మట్టిని బట్టి పడతాయి సార్, మనిషిని చంపితే పడవు. మా నాయన ఉంటే ఆ మాట కూడా అననీడు."

"సరేలేమ్మా, నీ పాత్ర నీ ఇష్టం" అని నవ్వాడు.

తర్వాత లంకమల కొండ కింద ఒక ఊళ్ళో పిల్లలకు జ్వరాలొస్తే, ల్యాబు తరఫున రక్తం తీయడానికి క్రిస్టినా వెళ్ళింది. బయలుదేరేముందు గుంపులో రాసింది: "మూడు దినాలు సిగ్నల్ ఉండదు. నా వంతు ఆపండి." సుదర్శన్ జవాబిచ్చాడు: "నిదానంగా పోయి రామ్మా. మేం చూసుకుంటాం."

చూసుకున్నారు. తిరిగొచ్చిన మంగళవారం ఆమె చదివింది అదే. గంగులమ్మ పసుపు నీళ్ళు పోసుకుంది. గాజులేసుకుంది. "నేను పుట్టిందే దీనికి" అంది. గడ్డపార చప్పుడు మారిందని చెప్పి బావిలో దూకింది. తడిసిన చీర ఆమె ఒంటికి ఎట్లా అంటుకుందో సుదర్శన్ ఆరు వాక్యాల్లో వర్ణించాడు. కింద మిగతా ముగ్గురి పాత్రలూ గుండెలు బాదుకున్నాయి. నలుగురి పోస్టులూ పన్నెండు నిమిషాల్లో వచ్చాయి. ఒక్కొక్కటి పేజీన్నర. ఆ పన్నెండు నిమిషాల్లో రాసినవి కావవి. చదివినవాళ్ళు పువ్వుల గుర్తులు కుప్ప పోశారు. ఏం త్యాగం, కళ్ళు తడిశాయి అని రాశారు.

పాత్ర చచ్చిందని ఆమెకు అంత బాధ లేదు. తండ్రి మాటను ఆ తడి చీర పక్కన చూసేసరికి ఒళ్ళంతా ఎవరో ఎంగిలి చేసినట్టనిపించింది.

ఆ ముగ్గురిలో నాగశ్రీ ఆమెకు దగ్గరిది. కోయిలకుంట్లలో వాళ్ళ నాన్న ఎరువుల అంగడి చూసుకునే పిల్ల. రెండేళ్ళుగా అక్కా అక్కా అంటూ రోజూ మాట్లాడేది. క్రిస్టినా ఫోను చేసింది.

"ఎప్పుడు రాసినావు ఆ పోస్టు?"

"యా పోస్టు అక్కా?"

"గంగులమ్మ కోసరం నువ్వు ఏడ్సింది."

"పది దినాలైందక్కా. సార్ వేరే గ్రూపు పెట్టినాడు, మా ముగ్గురికే. నువ్వు ఎట్లాగూ ఒప్పుకోవని."

"నేను యాడికి పోయినానో తెలుసు గదా నీకు?"

"తెలుసు. నీ వంతు తప్పేదాకా ఆగుదామన్నాడు సార్. అయినా ఆట గదక్కా! శానా బాగొచ్చింది. నా పోస్టుకే నలభై పువ్వులు."

క్రిస్టినా ఫోను పెట్టేసింది. ఆ పిల్ల గొంతులో తప్పు చేశానన్న బెదురు లేదు, మెచ్చుకుంటుందేమోనన్న ఆశ ఉంది. అది ఇంకా రోత పుట్టించింది.

సుదర్శన్‌కు చేస్తే ఆయన గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉంది.

"రూలేం తప్పలేదమ్మా. వంతు తప్పితే పాత్రను నేను నడిపించొచ్చు."

"నడిపించమన్నారు సార్, బావిలోకి తోయమన్లేదు."

"తోసింది ఎవరమ్మా? బావి కాడికి నడిచే పోయింది గదా!" అని నవ్వి, అదే తియ్యదనంతో అన్నాడు: "పోయినేడు వీరభద్ర పాత్రకు ఇట్లే అయినప్పుడు నీకు రూలు గుర్తు రాలేదే?"

వీరభద్రది ఆళ్ళగడ్డ, ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. పోయినేడు అడవి సాహసంలో అతను ఒక వంతు తప్పాడు. సుదర్శన్ అతని పాత్రను పిరికివాడిగా, గుంపును శత్రువుకు పట్టించినవాడిగా రాసి చెట్టుకు ఉరి తీయించాడు. క్రిస్టినా ఆ పాత పోస్టులు వెతికి తీసింది. సుదర్శన్ రాత కింద ఆమెదే ఉంది. గంగులమ్మ ఆ శవం ముఖాన ఉమ్మి, వెనక్కి చూడకుండా నడిచిపోయిందని రాసింది. మంచి వాక్యం. రాసిన రోజు తానే నాలుగుసార్లు చదువుకుని మురిసిపోయింది. వీరభద్ర ఎందుకు రాలేదని ఒక్కసారైనా అడగలేదు.

సుదర్శన్ రాసిన ఆరు వాక్యాలకంటే తన ఒక్క వాక్యం ఎక్కువ కంపు కొట్టింది.

వీరభద్రకు జరిగిందంతా రాసి, క్షమించమని అడిగింది. సాయంత్రానికి అతని గొంతు సందేశం వచ్చింది, వెనకాల ఇంజన్ చప్పుడుతో.

"నీకు జరిగింది గాబట్టి ఇప్పుడు గుర్తొచ్చినానా? మా అమ్మ పోయిన వారం అది. దినాలు చేసి వచ్చి చూస్తే నువ్వు నా ముఖాన ఉమ్మేసి ఉండావు. మాఫీలేం వద్దు. ఆ సాహసానికిచ్చిన బిరుదు ఇంకా నీ పేరు కింద మెరుస్తానే ఉండాది. అది చూసుకో ముందు."

చూసుకుంది. నిజమే. 'అడవిని గెలిచిన ఆడది' అని బంగారు రంగులో ఉంది. దాన్ని తీసేయమని సుదర్శన్‌కు రాసింది. ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకునే పద్ధతి లేదని జవాబు వచ్చింది.

అప్పుడు అందరూ చూసే పేజీలో, తనకు ఏం చేశారో, వీరభద్రకు తాను ఏం చేసిందో, రెండూ దాచకుండా రాసింది. ఇరవై నిమిషాల్లో ఆ పోస్టు మాయమైంది. ఆ ఇరవై నిమిషాల్లో దాన్ని చదివిన పదకొండు మందిలో ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు.

క్రిస్టినా ఖాతా మూసేయడానికి కూర్చుంది. నొక్కబోతుంటే తెర మీద ఒక గమనిక వచ్చింది: సభ్యులు వెళ్ళిపోయినా వాళ్ళ రాతలు సైటులోనే ఉంటాయి. తండ్రి మాటలు ఆ రోతలోనే ఉండిపోతాయి. ఉరితీసిన శవం ముఖాన గంగులమ్మ ఉమ్మిన ఉమ్మి కూడా అక్కడే ఉంటుంది, ఎవరైనా వచ్చి చదవడానికి. అది తెలిసే నొక్కింది.