బ్యాటరీ తీసింది నేనే

రమేష్ బాబు చేతిలోని వెదురు గెడ రాముడి వీపు మీద ఫెళ్లున విరిగింది. వల వేసుకుని బతికే ఆ మనిషిని రమేష్ బాబు రొయ్యల చెరువు గట్టున, మోటారు షెడ్డు స్తంభానికి కట్టేశారు. నీటి మీద చచ్చిన రొయ్యలు తెల్లగా తేలుతున్నాయి.

"ఏ మందు పోశావురా?"

"అమ్మతోడండి, నేను కాలవలో వలేసుకున్నానంతే. మీ గట్టే ఎక్కలేదండి."

"మరి రొయ్యలు ఉరేసుకున్నాయేంట్రా?" అన్నాడు పక్క చెరువాయన. చుట్టూ మూగినవాళ్లు నవ్వారు. మరో దెబ్బ. రాముడి నోట్లోంచి రక్తంతోపాటు ఒక పన్ను రాలింది.

జనరేటర్ పక్కన సుకుమార్ నిలబడ్డాడు. అతను రమేష్ బాబు బావమరిది. చెరువు కాపలా అతనిదే. నిన్న స్నేహితుడి పుట్టినరోజుకి, ఏటి ఒడ్డున లైట్లకని జనరేటర్ బ్యాటరీ ఊడదీసి పట్టుకెళ్లాడు. తెల్లవారుజామున కరెంటు పోయింది. బ్యాటరీ లేక జనరేటర్ తిరగలేదు. నీళ్లకి గాలందించే ఏరియేటర్లు ఆగి, రొయ్యలకి ఊపిరందలేదు. అతనొచ్చి గుట్టుగా బ్యాటరీ బిగించి జనరేటర్ వేసేసరికే చెరువు తెల్లబడింది. నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

రమేష్ బాబు పలుగు అందుకున్నాడు. "మోకాళ్లు విరిగితే నిజం అదే వస్తుంది."

సుకుమార్ ఒక్క ఉదుటున అడ్డంపడ్డాడు. "ఆగు బావా! మందూ లేదు, మాకూ లేదు. బ్యాటరీ తీసింది నేనే! నేనే చంపాను!"

పలుగు ఆగలేదు. రాముడి మోకాలికని దిగిన దెబ్బ సుకుమార్ ముంజేతి మీద పడింది. ఎముక పటుక్కుమంది. రమేష్ బాబు అతన్ని జుట్టు పట్టి బురదలోకి ఈడ్చి డొక్కలో తన్నాడు.

"మీ అక్క మొహం చూసి నమ్మాను కదరా నిన్ను!"

"కొట్టు బావా, ఎంతైనా కొట్టు. ముందు ఆయన కట్లు విప్పించు."

కట్లు విప్పారు. ఇందాక నవ్వినవాళ్లెవరూ రాముడి మొహంలోకి చూడలేదు. అతను తూలుతూ వచ్చి సుకుమార్ చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఇది ఇంతసేపు చూస్తా నిలబడ్డందుకండి."

తర్వాత తలగుడ్డ విప్పి, వేలాడుతున్న ఆ చేతిని మెడకి కట్టాడు. నొప్పి పుట్టకుండా, నెమ్మదిగానే కట్టాడు.

"ఎక్కడ అడిగినా నా తప్పేనని చెబుతాను, రాముడుగారూ," అన్నాడు సుకుమార్.

రమేష్ బాబు పలుగు పారేసి, మేత చూసే ట్రేని నీళ్లలోంచి పైకి లాగాడు. చచ్చినవాటి మధ్య కొన్ని టపటపా ఎగిరిపడ్డాయి. వాటిని చూశాడు. నెత్తురంటిన తన చేతుల్ని కూడా చూసుకున్నాడు.

"కారు తియ్యండ్రా, ఆస్పత్రికి," అన్నాడు. "రాముడూ... ముందు నువ్వెక్కు."