రేకు చెవులు

మోకాలు ఆనించి రెండో పెద్ద క్యాను మూత బిగించాడు తుకిరన్. పాలు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయి. బండికి వెనక అటూ ఇటూ పెద్ద క్యాన్లు, ముందు పెట్రోలు ట్యాంకు మీంచి మోకాళ్ళ దగ్గరకు వేలాడే చిన్నవి రెండు. తాళ్ళు లాగి చూసుకున్నాడు. ఇంజను కింద వేలు పెట్టి ఆయిలు కారుతోందేమో చూశాడు, కారడం లేదు. కొట్టం గుమ్మంలో నిలబడ్డ, పాలు పోసిన ఇంటామె, ఈ పూటైనా పాలు కేంద్రానికి చేరతాయా, దారిలోనే విరిగిపోతాయా అని నవ్వుతూ అడిగింది. అతను కిక్కు కొట్టాడు.

మనిషి పొట్టి, మెడ లేనట్టుంటాడు. కుడి పిక్క మీద సైలెన్సరు కాల్చిన మచ్చలు ఒకదాని మీదొకటి పడి అక్కడ వెంట్రుక కూడా మొలవదు. ఎన్ని స్నానాలు చేసినా ఒంటిమీద పాలవాసన పోదు. పొద్దున్నే మెరాపి కొండ కింద లోయ ఇళ్ళలో పాలు పోయించుకోవడం, మెట్ట ఎక్కి పాలకేంద్రంలో దించడం, మధ్యాహ్నం మళ్ళీ అదే పని. పెళ్ళికి ముందు నుంచీ అతని బతుకు ఇంతే. చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు, ఒక్క పగ తప్ప.

ఆ పగ పాయిమిన్ మీద. పాయిమిన్ అతని భార్య లసియమ్‌కి సొంత అన్న, అదే మెట్ట మీద పాలు మోసినవాడు. ఎప్పుడో ఒక వానరోజు తుకిరన్ క్యాను మూతకున్న రబ్బరు చిరిగి లోపలికి నీళ్ళు దిగాయి. కేంద్రంలో పాల చిక్కదనం చూసే లాక్టోమీటరు ములిగింది. వరసలో వెనక నిలబడ్డ పాయిమిన్ అందరికీ వినపడేలా, "మా చెల్లెలి మొగుడు ఆవునే కాదు, వాననీ పిండుతాడు" అన్నాడు. వరసంతా విరగబడి నవ్వింది. ఆ రోజు నుంచి అతను వాన తుకిరన్ అయిపోయాడు. రబ్బరు చిరిగిందని చెప్పబోతే వినే తీరిక ఎవరికీ లేకపోయింది. బావా అన్న పిలుపు అక్కడితో ఆగిపోయింది. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే ఇద్దరూ చెరో గోడ చూస్తూ భోంచేసేవారు.

అలాంటిది తుకిరన్ ఆ పాయిమిన్ బండే కొన్నాడు. తన బండి ఛాసిస్ విరిగి కూర్చుంది. పాయిమిన్ ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. అతని బండి కొండ మీద అన్నిటికంటే పాతది, కానీ మెట్ట మీద ఆగిందని ఎవరూ అనగా వినలేదు. బేరం పాత బండ్ల బ్రోకరు కస్నో చేశాడు. ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి ధరతోపాటు తిట్లు కూడా పంపించేవారు. కస్నో తిట్లు దారిలో పారేసి ధర మాత్రం అందించేవాడు. శత్రువు బండెక్కి శత్రువు ఇంటి ముందు నుంచి రోజూ పోవచ్చన్నది తుకిరన్ ఆశ. పాయిమిన్ ఇల్లు సరిగ్గా మెట్ట మధ్యలో ఉంది మరి.

బండి ఇంటికి తెచ్చి అతను ముందుగా చేసిన పని, పట్టకారు తీసుకుని దానికున్న రేకు చెవులు పీకేయడం. పాయిమిన్ ఒక ఎర్ర బిస్కెట్ల డబ్బా కత్తిరించి, చెవుల్లా వంచి, ఇంజను ముందున్న గొట్టానికి రెండు పక్కలా తీగతో కట్టుకున్నాడు. పండక్కి ప్రతి ఇంట్లో కనపడే డబ్బా అది. బొమ్మలో తల్లీ పిల్లలూ బల్ల చుట్టూ కూర్చుని టీ తాగుతుంటారు, తండ్రి ఉండడు. ఆ తండ్రేడని ఊళ్ళో అందరూ వేసుకునే జోకే. ఈ కోతి వేషాలు తన బండికి అక్కర్లేదని తుకిరన్ వాటిని పెరట్లోకి విసిరేశాడు. లసియమ్ తీసి కోళ్ళగూడు కన్నానికి అడ్డం పెట్టింది.

అప్పటి నుంచి బండి కాగిపోతోంది. సగం మెట్ట ఎక్కేసరికి ఇంజను టకటకమని కొట్టుకోవడం, బలం తగ్గడం, ఆగిపోవడం. ఆయిలు మార్చాడు. ప్లగ్గు మార్చాడు. కార్బరేటర్ విప్పి పెట్రోలుతో కడిగాడు. మెకానిక్ హెడ్డు విప్పి మసి గీకి, ఖాళీ బండిని బజారు రోడ్డు మీద తిప్పి చూసి, ఏ రోగమూ లేదు పొమ్మన్నాడు. తుకిరన్‌కి మాత్రం సందేహం లేదు. ఆ ముసలాడు అమ్మే ముందు ఇంజన్లో ఏదో పోశాడు. చచ్చేలోపు తన బతుకు మీద ఇంకోసారి నీళ్ళు చల్లాలని చూస్తున్నాడు.

ఈ పూటా అంతే అయింది. పొగాకు కొట్టం మలుపు దగ్గర ఫస్టు గేరులో కూడా లాగలేక బండి నిలబడిపోయింది. ఇంజను మీంచి వేడి మొహానికి కొడుతోంది. నీళ్ళు పోస్తే ఇనుము పగులుతుందని తెలుసు కాబట్టి రాయి మీద కూర్చుని లవంగం సిగరెట్టు కాల్చాడు. మిగతా పాలవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. ఒకడు, వాన కోసం చూస్తున్నావా అన్నాడు. ఎండ క్యాన్ల మీదికి వచ్చింది. చొక్కా విప్పి కప్పాడు.

కేంద్రంలో పాలు పరీక్షించే ఎందంగ్ చిన్న గొట్టంలో పాలూ స్పిరిటూ కలిపి ఊపింది. విరుగు కట్టింది. రెండో క్యానూ అంతే. ఆమె మంచి పిల్ల, తల ఎత్తలేదు. వెనక నుంచి మేనేజరు వచ్చి, ఇది రెండోసారి, మధ్యాహ్నం పాలు కూడా ఇలాగే వస్తే రేపటి నుంచి లోయ ఇళ్ళకి వ్యాను పంపుతామని చెప్పాడు. తుకిరన్ తల ఊపాడు. పాలు కాలవలో పారబోశాడు. పాలు మోయడం తప్ప అతనికి ఇంకో పని రాదు. ఈ వయసులో నేర్పేవాడూ లేడు.

తిన్నగా పాయిమిన్ ఇంటికి పోయాడు. ఇన్నేళ్ళలో ఆ గడప తొక్కడం అదే మొదలు. పాయిమిన్ భార్య సుమిని పక్కకి తప్పుకోమని, కిటికీ పక్క మంచం దగ్గర నిలబడి నోటికొచ్చింది అనేశాడు. ఇసుక పోశావన్నాడు, చెల్లెలి కూడు తీస్తున్నావన్నాడు. మంచం మీద ఎముకలూ కళ్ళూ మాత్రమే మిగిలిన మనిషి అంతా విన్నాడు. తర్వాత మోచేతి మీద లేచి, కిటికీలోంచి వాకిట్లో ఉన్న బండిని చాలాసేపు చూశాడు.

"దాని చెవులేవి?"

"పీకి పారేశా."

పాయిమిన్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఎంతకీ ఆగలేదు. సుమి నీళ్ళు తాగించింది.

"ముందు క్యాన్లు కట్టాక ఇంజనుకి గాలెక్కడిదిరా? ఆ చెవులు కదా గాలి మళ్ళించేది." ఊపిరి అందాక అన్నాడు. "కస్నోకి చెప్పా, పీకొద్దని చెప్పమని."

కస్నో తిట్లతోపాటు దాన్ని కూడా దారిలో పారేసి ఉంటాడు.

"నాకే చెప్పొచ్చుగా" అన్నాడు తుకిరన్.

"నీతో నాకు మాటల్లేవుగా."

"నేను పాలల్లో నీళ్ళు కలపలేదు. రబ్బరు చిరిగింది."

"తెలుసు. ఆ మర్నాడే మూత చూశా."

తెలిసీ ఇన్నేళ్ళు ఊరుకున్నావా అని తుకిరన్ అడగబోయి ఆగాడు. చివరికి, నీ రేకు ముక్కలు పెట్టుకుని బతకాల్సిన ఖర్మ నాకు లేదన్నాడు.

"అయితే చావు" అని పాయిమిన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. లసియమ్ సోయా గింజల టెంపే ముక్కలు పళ్ళెంలో పెట్టి, ఏమైందని అడిగింది. మీ అన్నకి ఒళ్ళంతా విషమేనన్నాడు. అన్నయ్య ఎలా ఉన్నాడని ఆమె అడిగింది. బాగా తిడుతున్నాడని చెప్పి పెరట్లోకి పోయాడు. కోళ్ళగూటి ముందు గొంతుక్కూర్చుని ఆ రేకుల్ని చూశాడు. వాటిమీద కోళ్ళ రెట్ట ఎండిపోయింది. పెట్టకుండా ఇంకో పూట చూద్దామనుకున్నాడు. కానీ ఆ ఇంకో పూటే లేదు. కోళ్ళు అరుస్తుండగా రెండు రేకులూ లాగి, చొక్కా అంచుతో తుడిచి, తీగతో బండికి కట్టాడు. కడుతున్నంతసేపూ పాయిమిన్‌ని, వాడి తాతల్ని, కస్నోని వరసపెట్టి తిట్టాడు.

మధ్యాహ్నం అవే క్యాన్లు, అదే మెట్ట. పొగాకు కొట్టం మలుపు వచ్చింది. టకటక రాలేదు. రేకులు మాత్రం సన్నగా అదిరాయి. ఇంజను శబ్దం ఒక్క తీరున సాగుతుంటే తుకిరన్ పెదవులు బిగించి కూర్చున్నాడు, సంతోషపడటం కూడా ఓడిపోవడమే అనిపించింది. పాయిమిన్ ఇల్లు దాటేటప్పుడు కిటికీ వైపు చూడలేదు. కావాలని యాక్సిలరేటరు గట్టిగా తిప్పి, ఇల్లు అదిరేలా రొద పెట్టి పోయాడు.

కేంద్రంలో పాలు విరగలేదు. ఎందంగ్ గొట్టం వెలుగుకెత్తి రెండోసారి ఊపి, సరేనంది. వరసలో ఎవరో, పాయిమిన్ బండి గదా ఆగుద్దా అన్నారు. నా బండి అని తుకిరన్ అనేలోపు మసీదు మైకు గరగరలాడింది. ప్రార్థన వేళ కాదు. అందరూ ఆగి విన్నారు. ఫలానా మనిషి అల్లా దగ్గరికి మరలిపోయాడని చెప్పి, మైకు పాయిమిన్ పేరు రెండుసార్లు చదివింది.

అతను పాయిమిన్ ఇంటికి వచ్చేసరికి వాకిలి నిండా చెప్పులున్నాయి. లసియమ్ అప్పటికే లోపల ఏడుస్తోంది. బండి స్టాండు వేసి గుమ్మం దాకా వెళ్ళాడు, లోపలికి పోవాలో వద్దో తెలియలేదు. సుమి బయటికొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చూపులో చుట్టరికం ఏమీ లేదు.

"నువ్వు మెట్ట ఎక్కుతుంటే విన్నాడు" అంది. "రేకులు అదిరే చప్పుడు దాకా విన్నాడు. 'పెట్టుకున్నాడు, సిగ్గులేనోడు' అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు."

"అక్కా" అన్నాడు తుకిరన్.

ఆమె లోపలికి వెళ్ళిపోయింది. అతను వెనక్కొచ్చి బండి పక్కన నేల మీద కూలబడ్డాడు. చెప్పాల్సిన తిట్లు ఇంకా ఎన్నో మిగిలిపోయాయి. ఇక వాటిని ఎవరికి చెప్పుకోవాలి? ఏడుపొచ్చింది, దానికీ కోపమొచ్చింది. లోపల నుంచి ఎవరో శవానికి భుజం పట్టడానికి మనిషి కావాలని పిలిస్తే మొహం తుడుచుకుని లేచి, చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

వాకిట్లో ఇంజను మెల్లగా చల్లారుతోంది. రేకు చెవి మీద కోళ్ళ రెట్ట మరక పక్కన తల్లి టీ పోస్తోంది, పిల్లలు కప్పులు పట్టుకుని కూర్చున్నారు, తండ్రి ఇంకా రాలేదు.