ఇటుక గోడల మైదానం

ఈశ్వర్‌బాబు రాయపూర్‌లో ఇనుము వ్యాపారి. తెలీబంధా చెరువు పక్కన ఇల్లు. 2017లో ఎవరో కొత్తగా మహిళల ఇండోర్ ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెడితే, ఆయన రాయపూర్ జట్టును కొని, వేగం అని అర్థమొచ్చేలా 'రఫ్తార్' అని హిందీ పేరు పెట్టాడు. ఊరి ఫ్యాక్టరీలుండే భన్‌పురిలో మూతపడిన తన రైస్‌మిల్లు గోడౌన్‌నే మైదానం చేశాడు. చుట్టూ చెక్క గోడలు కట్టించి, నేలమీద ఆకుపచ్చ మ్యాట్ పరిపించాడు. ఈ ఆటలో బంతి గోడకు తగిలినా ఆట ఆగదు. గోడను కూడా తోటి ఆటగత్తెలా వాడుకోవడం తెలియాలి.

జట్టుకు కెప్టెన్, గోల్‌కీపర్ ఫణిశ్రీ. ఆమె తండ్రి బంగారయ్య శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వేలో ట్రాక్‌మన్‌గా చేరినవాడు. జట్టులో కొందరు రైల్వే కాలనీ తెలుగు పిల్లలు, కొందరు గోల్ ముందు కాపు కాసే సుభద్రలాంటి భన్‌పురి అమ్మాయిలు. జీతాలు తీసుకుని ఆడేవాళ్లు. మొదటి ఏడాది అందరికంటే కిందన మిగిలారు. అయినా జనం వచ్చారు. లారీ డ్రైవర్లు, మిల్లు కూలీలు చెక్క గోడల్ని అరచేతులతో బాదుతుంటే పైన రేకులు అదిరేవి. రెండో ఏడాది సెమీఫైనల్ దాకా వెళ్లారు.

మూడో ఏడాది, చివరి మ్యాచ్ ఇంకా మిగిలి ఉండగానే, ఈశ్వర్‌బాబు ఫణిశ్రీని ఆఫీసుకు పిలిపించాడు.

"జట్టుని వేరే ఊరి పార్టీకి ఇచ్చేశానమ్మా," అన్నాడు. "మిల్లులో స్టాకు దింపాలి. తాళం వేయిస్తున్నాను."

"మరి ఆదివారం మ్యాచ్ సార్?"

"అది ఉండదు. లీగ్‌వాళ్లకి చెప్పేశాను. నీకేం దిగులక్కర్లేదు. కొత్తవాళ్లు నిన్ను అడిగారు. రెండేళ్ల కాంట్రాక్టు."

"మిగతావాళ్లని?"

"ఆడపిల్లలు, ఎన్నాళ్లు ఆడతారులే. రేపో మాపో పెళ్లిళ్లవుతాయి."

"నేనూ ఆడపిల్లనే కదా సార్."

ఈశ్వర్‌బాబు నవ్వాడు. ఫణిశ్రీ నవ్వలేదు.

"ఆదివారం మాతో ఆడాల్సిన నాగ్‌పూర్‌వాళ్లు రైలు టిక్కెట్లు తీసుకున్నారు. వాళ్లొస్తే మేం ఆడతాం," అంది.

"ఎక్కడ ఆడతారు? ఏం వేసుకుని ఆడతారు? జెర్సీలు కూడా మిల్లులోనే ఉన్నాయి."

"అది మేం చూసుకుంటాం సార్," అని లేచింది.

ఇంట్లో తల్లి తాయారమ్మ మండిపడింది. "కాంట్రాక్టు ఇస్తానంటే ఒల్లనని వచ్చీసావా? నీ బుర్ర తిన్నగా ఉందేటి?"

"నానొక్కదాన్నీ ఎలిపోతే సుభద్ర మొకం ఎలా సూడాలమ్మా?"

"సుభద్ర నీకు కూడెడతాదా?"

"నా మీదకొచ్చే బంతిని మూడేళ్లు అదే ఆపింది. దాన్ని ఇక్కడ ఒగ్గేసి నానెల్లను. బస్, అంతే."

తాయారమ్మ మొగుడి వైపు చూసింది, ఆయనైనా మందలిస్తాడని. బంగారయ్య అన్నం కలుపుతూ, "ఎంతమంది మీరు? చొక్కాలు కావాల కదా," అన్నాడు. తాయారమ్మ విసురుగా లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు జట్టంతా మిల్లు గేటు ముందు చేరింది. తాళం వేసి ఉంది. డిఫెండర్ సుభద్ర ఆ తాళాన్ని ఒకసారి పట్టుకుని ఊపి వదిలేసింది. "భన్‌పురిలో ఈ ఒక్కటేనా గోడౌన్?" అంది హిందీలో.

ఆమె తండ్రి ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో మెకానిక్. ఆ యజమాని ఆదివారం ఒక్కపూటకి గోడౌన్ వాడుకోమన్నాడు. అమ్మాయిలే పాత టైర్లు దొర్లించి ఓ పక్కకి పేర్చారు, ఆయిల్ మరకలమీద రంపపు పొట్టు చల్లి ఊడ్చారు, సున్నంతో గీతలు గీశారు. సిమెంటు నేల. చుట్టూ పూత లేని ఇటుక గోడలు.

ఆదివారం బంగారయ్య తనతో పట్టాల పని చేసే గ్యాంగ్‌వాళ్ల దగ్గర అడిగి, వాళ్లు డ్యూటీలో వేసుకునే నారింజ రంగు జాకెట్లు తెచ్చాడు. మోకాళ్ల దాకా వేలాడుతున్నవాటిని పిల్లలు నడుము దగ్గర ముడివేసుకున్నారు. ఫణిశ్రీ మాత్రం తండ్రి ఖాకీ చొక్కా తొడుక్కుంది.

లీగ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "ఈ మ్యాచ్ లెక్కలోకి రాదు. రిఫరీని కూడా పంపడం లేదు."

"లెక్క మీది సార్, మీ ఇష్టం. ఆట మాది," అని ఫణిశ్రీ ఫోన్ పెట్టేసింది.

కోచ్ హేమంత్ ఈశ్వర్‌బాబు దగ్గర జీతగాడు. అక్కడికి వెళ్తే ఉద్యోగం ఉండదని ఆయనకు ముందే చెప్పారు. అయినా మెడలో విజిల్ వేసుకుని వచ్చాడు. నాగ్‌పూర్ కెప్టెన్ ఇటుక గోడను అరచేత్తో తడిమి చూసింది. "మోచేతుల తోలు లేచిపోతుంది," అంది. తరువాత బ్యాగులోంచి పొడుగు చేతుల చొక్కా తీసి వేసుకుంది.

సిమెంటుమీద బంతి జారిపోతోంది. తేరుకునేలోపే రఫ్తార్ రెండు గోల్స్ ఇచ్చేసింది. ఇటుకలకు తగిలిన బంతి ఎటు తిరుగుతుందో ఎవరికీ అంతుపట్టలేదు. విరామం తర్వాత రఫ్తార్ ఫార్వర్డ్ పూర్ణిమ, గోడ మీంచి వంకరగా వచ్చిన బంతిని కాలితో అలాగే లోపలికి తోసింది. కాసేపటికి సుభద్ర దూరం నుంచి ఇంకొకటి కొట్టింది. జనం గోడలు బాదబోయి, చేతులు నొప్పెట్టి, టైర్లు బాదడం మొదలుపెట్టారు.

సరిగ్గా అప్పుడే ఈశ్వర్‌బాబు కారు దిగి లోపలికి వచ్చాడు. "ఆపండి. రఫ్తార్ పేరు నాది. ఆ పేరు పెట్టుకుని ఆడితే కేసు వేస్తాను."

హేమంత్ విజిల్ నోట్లోంచి తీశాడు. ఆట ఆగింది.

టైర్ల మీద కూర్చున్న తాయారమ్మ లేచి నిలబడింది. తల్లి వచ్చిందన్న సంగతే ఫణిశ్రీకి తెలీదు. "ఏ పేరు బాబూ?" అంది తాయారమ్మ. "ఈ పిల్లల గుడ్డల మీద మీ పేరు ఎక్కడైనా ఉందేటి? మీ మిల్లుకి మీరు తాళం ఏసుకున్నారు. ఇక్కడ మీదేటుంది సెప్పండి, తీసి ఇచ్చెస్తాం."

ఈశ్వర్‌బాబు ఆ నారింజ జాకెట్లకేసి చూశాడు. వెనుదిరిగి కారు వైపు నడిచాడు. హేమంత్ మళ్లీ విజిల్ ఊదాడు.

చివర్లో నాగ్‌పూర్ కొట్టిన బంతి ఫణిశ్రీ వేళ్లకు తగిలి లోపలికి వెళ్లింది. ఒక్క గోల్‌తో ఓడిపోయారు. మోచేతులు గీసుకుపోయి రక్తం కారుతుండగానే ఫణిశ్రీ నాగ్‌పూర్ కెప్టెన్ దగ్గరికి నడిచి, మళ్లీ ఎప్పుడు ఆడదామని అడిగింది.

హేమంత్ ఉద్యోగం పోయింది. తరువాత ఒక స్కూల్లో పీటీ మాస్టారుగా చేరాడు. ఈశ్వర్‌బాబు అమ్మిన జట్టు కరోనా ఏడాదిలో మూతపడింది, లీగ్ కూడా మళ్లీ లేవలేదు. ఫణిశ్రీ జట్టువాళ్లు మాత్రం లాక్‌డౌన్ సడలగానే యజమానిని అడిగి ఆ ఇటుక గోడల గోడౌన్‌లోనే ఆట మొదలుపెట్టారు. నాగ్‌పూర్, బిలాస్‌పూర్, విశాఖ జట్లు వస్తాయి. గేటు దగ్గర టిక్కెట్టు పెట్టారు, వచ్చింది సమానంగా పంచుకుంటారు. పూర్ణిమకు పెళ్లయింది, ఆడుతూనే ఉంది. ఇటుకలకు పూత వేయిద్దామని ఎవరైనా అంటే సుభద్ర ఒప్పుకోదు. బయటి జట్లు ఆ గోడలకు అలవాటు పడేసరికి తమకు రెండు గోల్స్ వస్తాయంటుంది.