వినని పాఠానికి వేలిముద్ర

ప్రెస్సు మిషను చెల్లెలి కుడిచేతి మీద పడింది. మా బ్యాచ్‌లో అందరికంటే చిన్నదని తనని అందరం చెల్లెలనే పిలిచేవాళ్ళం. రేకు ఇరుక్కుంటే లాగబోయింది. ముందు మిషను ఆపాలని తనకి ఎవరూ చెప్పలేదు. పక్క మిషను మీద ఉన్నది నేనే. వేళ్ళు నుజ్జయిపోయాయి.

మేం అప్రెంటిస్‌లం. వారానికో రోజు మిషను వదిలి క్లాసులో కూర్చోవాలని చట్టం. మా క్లాసు గదినిండా అట్టపెట్టెలు కుక్కి తాళం వేశారు. వారం వారం సూపర్‌వైజరు వేలిముద్రల యంత్రం పట్టుకుని మిషన్ల దగ్గరికే వచ్చేవాడు. "క్లాసు అయిపోయింది, వేలు పెట్టండి" అనేవాడు. పెట్టేవాళ్ళం. పెట్టకపోతే సర్టిఫికెట్ రాదు.

ఆసుపత్రి వరండాలో మేనేజరు చెల్లెలి వాళ్ళమ్మతో అన్నాడు: "మేం అన్నీ నేర్పామమ్మా. క్లాసు గంటలన్నీ రికార్డులో ఎక్కాయి, మీ అమ్మాయి వేలిముద్రలే. పొరపాటు తనదే."

ఆవిడ మా వంక చూసింది. మేం తలలు దించుకున్నాం.

భోజనాల షెడ్డులో మా బ్యాచ్‌ వాళ్ళ మధ్య వాదన మొదలైంది.

"ఇక ఎవరూ వేలు పెట్టొద్దు" అన్నాడు పొడుగోడు.

"రోడ్డున పడితే మా ఇల్లు నువ్వు నడుపుతావా?" అన్నాడు డ్రైవరు కొడుకు.

"రేపు నీ చెయ్యి పోయినా పొరపాటు నీదే అంటారు."

"పర్మనెంటు వాళ్ళు మనతో వస్తారా?"

"అడిగాను. మా జోలికి రాకండ్రా బాబూ అన్నారు."

గెలుస్తామని ఎవరం అనుకోలేదు. అయినా ఆ వారం ఒక్కరం కూడా వేలు పెట్టలేదు. తాళం పగలగొట్టి, పెట్టెలు బయటపడేసి, ఆ గదిలో నేలమీద కూర్చున్నాం. చేతి కట్టుతో చెల్లెలు కూడా వచ్చింది.

"నువ్వెందుకొచ్చావే?"

"క్లాసటగా."

తనే ముందు నిలబడి, ఆ రోజు ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పింది. తర్వాత ఒక్కొక్కరం లేచి, ఎవరి మిషను గురించి వాళ్ళకేం తెలియదో చెప్పుకున్నాం. డ్రైవరు కొడుకు చెబుతుండగా పోలీసులు లోపలికి వచ్చారు.

తాళం పగలగొట్టాడని పొడుగోడి మీద కేసు పెట్టి జైల్లో వేశారు. మిగతా అందరినీ పనిలోంచి తీసేశారు. వారం తిరక్కుండానే కొత్త బ్యాచ్ దిగింది, గదిలోకి పెట్టెలు మళ్ళీ చేరాయి.

షిఫ్టు మారే వేళకి మేం గేటు ముందు నిలబడుతున్నాం. వాచ్‌మన్ తరుముతాడు, మళ్ళీ వస్తాం. కొత్తవాళ్ళు మమ్మల్ని చూసి తప్పుకుపోతారు. నిన్న ఒకమ్మాయి ఆగింది.

"మీరు గెలిచారా అక్కా?"

"లేదు" అంది చెల్లెలు.

"మరి ఇంకా ఎందుకు నిలబడ్డారు?"

"నువ్వైనా వేలు పెట్టకుండా ఉంటావేమోనని."

ఆ పిల్ల లోపలికి వెళ్ళిపోయింది. ఇవాళ కూడా మేం గేటు ముందే ఉన్నాం.