దూది సముద్రం మీద నలభై ఏడుమంది

"చంపింది నువ్వే గౌసూ. ఒకర్నీ ఇద్దర్నీ కాదు, నలభై ఏడుమందిని. చూసి ఊరుకున్నది మీ అన్న. వాళ్లు చస్తా ఉంటే నీ గొంతు ఎంత బాగుందోనని మెచ్చుకుంది మీ అమ్మ. ముగ్గురిదీ పాపమే. ముగ్గురూ వినండి."

ఈ మాట అన్నప్పుడు యాస్మిన్ ఒళ్లో సగం కుట్టిన పరుపు అంచు ఉంది. చేతిలో జానెడు పొడుగు దబ్బనం. జుట్టు మీద, కనురెప్పల మీద దూది. షాపుకీ వెనక రేకుల షెడ్డుకీ మధ్య గడప దగ్గర కూర్చుని మరిది గౌస్ బాషా పెరుగన్నం తింటున్నాడు. ముద్ద నోటి దగ్గరే ఆగింది. మొగుడు సిలార్ చెయ్యి కడుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

"ఎవర్నే చంపింది? ఎండ గానీ కొట్టిందా నీకు?"

"నూరమ్మని. నూరమ్మ వెంటపోయినోళ్లందర్నీ."

సిలార్ పగలబడి నవ్వాడు. "లేనోళ్లు ఎట్టా చస్తారే?"

కథలో మనిషిని చంపితే కేసు రాసుకునే స్టేషను పొదిలిలో లేదు, ఇంకెక్కడా లేదు. అందుకే ఈ సంగతి మొదటినుంచీ చెప్పుకురావాలి.

పొదిలిలో వాళ్ల షాపు మీద "సిలార్ అండ్ బ్రదర్, పరుపులు, దిండ్లు" అని బోర్డు ఉంటుంది. ముందు గదిలో రెండు ఫ్యాన్లు గిర్రున తిరుగుతుంటాయి. వెనక షెడ్డులో ఫ్యాను లేదు. పెట్టకూడదు. ఏకిన దూది గాలికి లేచిపోతుంది. ఏప్రిల్లో రేకులు కాగి పెనంలా అయినా సరే, తలుపులు దగ్గరగా వేసుకుని, ముక్కుకీ నోటికీ చున్నీ చుట్టుకుని, దూది పరిచి, బెత్తంతో కొట్టి, మళ్లీ పరిచి, మళ్లీ కొట్టి, గుడ్డ మూతి మూసి దబ్బనంతో కుట్టాలి. యాస్మిన్ ఆ పని తొమ్మిదేళ్లుగా చేస్తోంది. అంతకుముందు ముప్పై ఏళ్లు అత్త అమీర్‌బీ చేసింది. ఇప్పుడు అమీర్‌బీకి మోకాళ్లు వంగవు, రొమ్ములో పిల్లికూతలు, షెడ్డు మూల నులకమంచం. కొనేవాళ్లు పరుపు నొక్కి చూసి "ఎవరు కుడతారండీ, ఎక్కడా ఉండ తగలట్లేదు" అని అడిగితే సిలార్ "మన చేతి పనేనండీ" అంటాడు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పడు. అడిగినవాళ్లూ అంతటితో సరిపెట్టుకుంటారు.

ఆ షెడ్డులోనే యాస్మిన్‌కి నూరమ్మ ఉండే నేల కనిపించింది. ఒక మధ్యాహ్నం రేకు చిల్లులోంచి ఎండ కడ్డీలా దిగింది. ఆ కడ్డీలో దూది నుసి పైకీ పోక, కిందికీ పడక, దానంతట అది తిరుగుతూ ఉంది. బెత్తం ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. అది షెడ్డు కాదనిపించింది. ఎక్కడో చుక్కల అవతల, ఆకాశం నుంచి పొద్దస్తమానం తెల్లగా దూది రాలే లోకం ఒకటుందనిపించింది. తొమ్మిది తరాల కింద భూమి నుంచి ఒక ఓడ బయల్దేరింది. చేరాల్సిన చోటికి చేరలేదు. దారి తప్పి, రెండుగా విరిగి, ఈ తెల్లనేల మీద పడింది. భూమి నాలుగు రోజులు వెతికి మర్చిపోయింది. బతికినవాళ్లు వెంట తెచ్చుకున్న గింజలన్నీ నాటితే మిరప ఒక్కటే మొలిచింది, అదీ తెల్లగా కాసింది. ఎరుపంటే ఏమిటో అక్కడి పిల్లలకు తెలియదు. నాలుక మీద మండేదాన్ని ఎరుపంటారు. పొయ్యిని ఎరుపంటారు, అమ్మ తిట్టిన తిట్టును ఎరుపంటారు. అక్కడ ఆడా మగా అందరూ ముక్కుకు గుడ్డ చుట్టుకుంటారు, లేకపోతే ఊపిరితిత్తుల్లో దూది పేరుకుపోతుంది. "అందరూ" అన్న ఆ మాట దగ్గర యాస్మిన్‌కి ఎంత హాయిగా ఉండేదో! మూల నుంచి అత్త దగ్గు వినపడేది. సిలార్ "టీ" అని కేకేసేవాడు. ఆమె లేచి టీ పెట్టి, ఇచ్చి, గ్లాసులు కడిగి, మళ్లీ వచ్చి బెత్తం పట్టుకుని ఆ నేల మీద వదిలిన చోటే అడుగు పెట్టేది. ఇల్లంతా కలిసి ఆమెను ఎన్నిసార్లు పిలిచినా ఆ లోకం ఆమె కోసం అలాగే తెల్లగా కాచుకుని ఉండేది.

మొదట అత్తకే చెప్పింది. దగ్గు తెర వచ్చినప్పుడు మనసు మళ్లించడానికి. తర్వాత గౌస్ బాషా విన్నాడు. డిగ్రీ అయి రెండేళ్లుగా షాపు గల్లా దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చునే మనిషి. "వదినా, అదిరిపోయింది. మొదటినుంచి చెప్పు, రికార్డు చేసుకుంటా" అన్నాడు. ఆమె పొంగిపోయింది. తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఆమెను "చెప్పు" అన్న మొదటి మనిషి అతనే. వారానికి రెండు మధ్యాహ్నాలు ఆమె కుడుతూ చెప్పేది, అతను ఫోను పెట్టుకుని వినేవాడు. తర్వాత ఆ మాటలనే తన గొంతుతో చదివి, వెనక సంగీతం పెట్టి, యూట్యూబులో పెట్టేవాడు. "కథ, గళం: గౌస్ బాషా."

"నా గొంతుతోనే పెట్టరాదా?" అని ఒకసారి అడిగింది.

"రాకెట్లు, గ్రహాలు ఆడగొంతుతో చెప్తే ఎవరు వింటారు వదినా? వంటల చానలు అనుకుంటారు."

సిలార్ ఇంకా తేలిగ్గా తేల్చేశాడు. "ఎవరి పేరైతే ఏంది? ఇంటి కథ ఇంట్లోనే ఉంది గదా. అయినా నలుగురు మగాళ్లు నీ గొంతు వింటే నాకు బాగుంటదా?"

సరే అంది. అనడం అలవాటు. పేరు పోతే పోయింది, నూరమ్మ బతికి ఉంటే చాలనుకుంది. అక్కడే తప్పు చేసింది. పేరు వదిలేసిన చోట ప్రాణం నిలవదని ఆమెకు అప్పటికి తెలియదు.

నూరమ్మ ఆ నేల మీద ఇళ్ల గోడల్లో దూది కూరే మనిషి. అక్కడ ఏడాదికి తొంభై రోజులు సూర్యుడు రాడు. దూది కూరని ఇల్లు ఆ చలికి నిలవదు. ఓడ పెద్దల పేర్లు ఇనప రేకుల మీద చెక్కి ఉన్నాయి. తొమ్మిది తరాలుగా గోడలు కూరిన ఆడవాళ్ల పేరు ఒక్కటీ ఏ రేకు మీదా లేదు. ఓడ విరిగినప్పుడు రెండో ముక్క దూది సముద్రం అవతల పడింది. భూమిని పిలిచే యంత్రం అందులోనే ఉంది. పిల్లల ఊపిరి పాడైపోతోంది, ఎవరో ఒకరు వెళ్లాలి. దూది సముద్రమంటే తాటిచెట్టు లోతున ఏకిన దూది. మగవాళ్లు నాలుగుసార్లు బళ్లు కట్టుకుని వెళ్లారు, నాలుగుసార్లూ మునిగారు. అప్పుడు నూరమ్మ అంది: "బండికి లొంగదది. పరుపు కుట్టినట్టు కుట్టాలి." నలభై ఏడుమంది ఆడవాళ్లు బయల్దేరారు. ముందు పదిమంది బెత్తాలతో దూదిని కొట్టి అణిచారు. వెనక పదిమంది గుడ్డ పరిచారు. ఆ వెనక పదిమంది బల్లెమంత దబ్బనాలతో కుట్టారు. మిగిలినవాళ్లు తిండీ నీళ్లూ మోస్తూ, అలిసినవాళ్ల చోటుకి మారుతూ, తెల్లటి సముద్రాన్ని గజం గజం కుట్టుకుంటూ నడిచారు. వెనక్కి చూస్తే వాళ్లు వచ్చిన దారి పొడుగాటి పరుపులా మెరుస్తోంది. అలిసినప్పుడు దాని మీదే పడుకున్నారు. ఎవరో ఒకరికి తోచిన పాట ఎత్తుకున్నారు. ఎవరూ టీ అడగలేదు.

పన్నెండో రోజు నడకలో కథ ఆగింది. ఆ వారం అమీర్‌బీకి ఆయాసం ఎక్కువై యాస్మిన్ ఒంగోలు ఆసుపత్రిలో తోడున్నది. "ఆఖరికి భూమికి పిలుపు అందుద్దా వదినా?" అని గౌస్ ఫోను చేశాడు. "ముందు యంత్రం దగ్గరికి చేరనీ. పిలవాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. నేనొచ్చాక చెప్తా" అంది. అతను ఆగలేదు.

ఆ సంగతి ఆమెకు ఈ పొద్దున తెలిసింది. బ్యాంకులో పనిచేసే అఖిల దిండ్లు కుట్టించుకోవడానికి వచ్చి, కొలత చెప్పడానికి షెడ్డు గడప దాకా వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఏం లేదండీ, మీ మరిదిగారి కథ. బస్సులో విన్నాను. నూరమ్మని చంపేశారు కదా! నలభై ఏడుమందీ పోయారు. పక్కావిడ ఏమైందమ్మా అని అడిగింది, మావాళ్లు పోయారని చెప్పాను." చున్నీతో ముక్కు తుడుచుకుంది. "ఆడవాళ్ల మనసు ఆయనకెలా తెలుసో గానీ!"

యాస్మిన్ కొలత రాసుకుంది. పద్దెనిమిది ఇరవై ఏడు. అంకెలు సరిగ్గానే రాసింది. తర్వాత ఫోను తీసి విన్నది. మూల మంచం మీద అమీర్‌బీ, మాటలు సరిగా వినపడకపోయినా, "మావాడి గొంతు ఎంత బాగుందే" అని మురిసింది. నూరమ్మ వెంట ఓడ పెద్ద మనవడు ఒకడు పుట్టుకొచ్చాడు. వాన పడింది. తడిసి దూది కరిగిపోయింది, కుట్లు ఊడిపోయాయి. నూరమ్మ మునిగిపోతూ "మీరైనా బతకండి" అని ఆ మనవడికి దణ్ణం పెట్టింది. వాడొక్కడే ఒడ్డు చేరాడు. కింద మూడొందలమంది ఏడుపు బొమ్మలు పెట్టారు.

మధ్యాహ్నం మొగవాళ్లకి అన్నం పెట్టి, మొదటి మాటగా ఆమె అన్నదే మీరు పైన విన్నది.

"నేనేం కావాలని చేశానా వదినా?" గౌస్ ముద్ద కంచంలో పడేశాడు. "విజయవాడ చానల్ వాళ్లు పిలిచారు. హీరో మగాడైతే కొత్త సిరీస్ ఇస్తామన్నారు. అందరూ ఆడోళ్లే అయితే ఎట్టా? ట్రాజెడీ పెడితే నలుగురికీ పంపుకుంటారు. పంపుకున్నారు కూడా."

"నన్నొక మాట అడిగావా?"

"నువ్వు ఆసుపత్రిలో ఉన్నావు."

"మీ అమ్మ దగ్గర ఉన్నా."

సిలార్ విసుక్కున్నాడు. "సాయంత్రానికి కందుకూరు ఆర్డరు పోవాల. పరుపు సగంలో పెట్టి ఈ సోదేంది? ఇంకో కథ చెప్పుకో. నీ నోట్లో కథలకి కరువా?"

యాస్మిన్ అతని వంక చూడలేదు. "వానకి మునిగారా గౌసూ?"

"ఊఁ."

"దూది కరిగిందా?"

"తడిస్తే కరగదా మరి?"

షెడ్డు మూల నులకమంచం కిర్రుమంది. అమీర్‌బీ మోచేతి మీద లేచింది. నవ్వుతోందో దగ్గుతోందో కాసేపు తెలియలేదు. తర్వాత నవ్వేనని తెలిసింది.

"దూది కరిగిందా! ఒరే సచ్చినోడా! దూదేకులోడి కడుపున పుట్టి తడిసిన దూది ఎట్టుంటదో తెలవదంట్రా నీకు? అదేమన్నా ఉప్పా, బెల్లమా? మొన్న అక్టోబరు వానకి షెడ్డు కారి రెండు బస్తాలు నానితే ఏమైంది? మీ వదిన ఎక్కి తొక్కినా దిగలా. గడ్డపార పెట్టి పగలగొట్టింది ఇది. నువ్వా పొద్దు యాడున్నావు?"

"షాపులో ఉన్నానమ్మా."

"ఫ్యాను కింద."

గౌస్ కంచం పక్కకి జరిపాడు. సిలార్ అమ్మ వైపు, పెళ్లాం వైపు చూసి తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు గానీ కదల్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఈ ఇంట్లో దూది మీద చెయ్యి వెయ్యని గౌస్, దూది సముద్రం మీద నడిచేవాళ్లకి చావు రాశాడు. మేఘాన్ని చూసి వాళ్లు భయపడ్డారని రాశాడు. ఆ నలభై ఏడుమందిలో ఏ ఒక్కదాన్ని అడిగినా చెప్పేది. తడిసినకొద్దీ దూది అణుగుతుంది, అణిగినకొద్దీ గట్టిపడుతుంది. యాస్మిన్‌కి కనిపిస్తూనే ఉంది. ఆ నేల మీద ఎన్నడూ లేని వాన, మొదటి చినుకు పడింది. నూరమ్మ తల ఎత్తింది. తొమ్మిది తరాలుగా మెత్తగా మోసం చేసిన సముద్రం, చినుకు చినుక్కీ సద్దుమణిగి, రాతినేలలా పరుచుకుంటోంది. ఒకామె బెత్తం కింద పెట్టింది. ఇంకొకామె దబ్బనం కొంగుకి గుచ్చుకుంది. ఎవరో భయం భయంగా గుడ్డ లేని చోట పాదం మోపింది. నిలిచింది. నలభై ఏడుమంది ముఖాలకు కట్టిన గుడ్డలు విప్పి, తడిసి బరువెక్కిన గాలిని పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుండెల నిండా పీల్చుకున్నారు.

"మరి ఇప్పుడెటు పోతారే వాళ్లు?" అమీర్‌బీ అడిగింది. గొంతులో నవ్వు పోయింది. చిన్నపిల్లలా ఉంది ఆ గొంతు. "చెప్పు. ఆ యంత్రం కాడికేనా?"

"చెప్తానత్తా. నీకొక్కదానికే కాదు." యాస్మిన్ ఒళ్లోంచి పరుపు అంచు తీసి పక్కన పెట్టింది. లేచి నిలబడింది. దబ్బనం సిలార్ చేతిలో పెట్టింది. అతను ఎందుకు పట్టుకున్నాడో తెలియకుండానే పట్టుకున్నాడు.

"కందుకూరు ఆర్డరు మీరిద్దరూ కుట్టండి. కుట్టడం రాకపోతే అత్త చెప్పుద్ది. గౌసూ, నువ్వు చంపిన ఆ భాగం తీసెయ్. రేపూ ఎల్లుండీ కాదు, చెయ్యి కడుక్కుని ఇప్పుడే తీసెయ్. నూరమ్మని పుట్టించింది యాస్మిన్ అని అన్ని భాగాల మీదా రాయి. ఇక మీదట నా కథకి నా గొంతే. వినేవాళ్లు వింటారు, పోయేవాళ్లు పోతారు. అక్కడ వాన పడతా ఉంది, నలభై ఏడుమంది తడిసి నిలబడి ఉన్నారు, నేను చెప్తేగానీ అడుగెయ్యరు. ఫోనిటివ్వు."