వాసన అన్న గడిలో

ఆ పొద్దున మబ్బు చెట్ల కొమ్మల దాకా దిగింది. చినుకు మాత్రం రాలలేదు. పుట్టగొడుగులకి అలాంటి పొద్దే మంచిది. ఐదు రకాలు దొరికాయి. వానొస్తుందన్న భయంతో ఇంటికి పోకుండా తిన్నగా నమూనాల గదికి వచ్చేశాను.

పద్దెనిమిదేళ్లుగా అక్కడ నా పని ఇదే. పుట్టగొడుగులు ఏరుకొచ్చి, సన్నని వేడి మీద ఎండబెట్టి, కాగితం పొట్లం కట్టి బీరువాలో పెట్టాలి. ఎండితే వాసన పోతుంది. అందుకని పచ్చిగా ఉండగానే పొట్లం మీది చీటీలో 'వాసన' అన్న గడి నింపాలి.

రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గింది. అప్పట్నుంచి నా ముక్కుకి ఏ వాసనా తెలియదు. చెబితే అడవికి ఇంకొకరిని పంపుతారని దాచాను. రోజూ బుట్ట ఇంటి మీదుగా తెచ్చేవాణ్ణి. మా ఆవిడ వాసన చూసి చెప్పేది, నేను రాసేవాణ్ణి.

ఆ గదికి అధికారి మేడమ్. వయసుకి నా కూతురంత. ఆ రోజు పాత పొట్లాలు ముందేసుకుని కూర్చుంది.

"ఇదేంటండీ, 'కోపంగా ఉన్న మేక' అని రాశారు? ఇదివరకు 'ఘాటు', 'తక్కువ' అని ఊరుకునేవారు, మాట ఖర్చయిపోతుందేమో అన్నట్టు."

నా బుట్టలోంచి ఒక గోధుమరంగు పుట్టగొడుగు తీసి నా ముక్కు కింద పెట్టింది. "దీని వాసనేంటో చెప్పండి."

పోయినేడు దానికి ఏం రాశానో గుర్తుంది. అదే చెప్పేయొచ్చు. నోరు రాలేదు.

"నాకు వాసన తెలీదు మేడమ్. రెండేళ్లయింది. ఇవన్నీ మా ఆవిడ చెప్పినవి."

ఆమె చేతిలోది బుట్టలో పెట్టేసింది. "ఎవరు చూశారో రాయని వాసన ఎలా నమ్మమంటారు? రెండేళ్లవీ కొట్టేయాలి. ఎండినవాటిని మళ్లీ చూడలేం కూడా." మేక చీటీ మళ్లీ ఒకసారి చదివి, "ఒకసారి ఆవిణ్ణి రమ్మనండి" అంది.

కబురు పంపితే మా ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏమ్మా, మా ఆయన ఏం పగలగొట్టాడు?"

మేడమ్ నవ్వలేదు. నన్ను గుమ్మం బయట నిలబెట్టి, ఐదూ వరసగా పెట్టింది.

"ఇది కొత్త చెప్పు. ఇది కోసిన దోసకాయ. ఇది పచ్చి పిండి. ఇదీ... ఛీ, మేక. మంచి కోపం మీదుంది."

ఒక్కోదానికీ పాత పొట్లం తీసి చూసింది మేడమ్. నాలుగూ సరిపోయాయి.

"దీనికేం వాసన లేదమ్మా," అంది మా ఆవిడ ఐదోదాన్ని పట్టుకుని.

"పోయినేడు 'ఉతికిన దుప్పటి' అని ఉందే?"

"అయితే ఆ రోజు పెరట్లో దుప్పట్లు ఆరేసుంటాను. అది తప్పే. కొట్టేయ్."

మేడమ్ అదొక్కటే కొట్టేసింది. మిగతావాటి మీద 'వాసన చూసినవారు' అని రాసి, మా ఆవిడ పేరు అడిగింది.

"మరి అడవికి ఎవర్ని పంపుతారు?" అన్నాను గుమ్మంలోంచి.

"కళ్లు బాగానే ఉన్నాయిగా మీకు? మీరే వెళ్లండి. బుట్ట మాత్రం ఆవిడకి చూపించకుండా తేకండి."

మధ్యాహ్నం ముగ్గురం మెట్ల మీద కూర్చుని తిన్నాం. మా ఆవిడ అడక్కుండానే నా కంచంలో ఇంకాస్త కారం వేసింది. వాసన పోయాక తిండిలో నాకు బాగా తెలిసేది ఆ మంటొక్కటే.